తాజ్ చూడండి, ‘మార్బుల్ ఫ్యాక్టరీ’కి మాత్రం వెళ్లకండి: ఆగ్రాలో రూ.14,500 వదిలించుకొచ్చాం

సంక్రాంతి సెలవులకి ఢిల్లీ, ఆగ్రా అనుకుంటున్నవాళ్లు ఇది ఒకసారి చదివి వెళ్లండి. పోయిన జనవరిలో మేం నలుగురం వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మ, తొమ్మిదేళ్ల మా పాప. తాజ్‌మహల్ లోపల మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. మోసమంతా స్టేషన్‌కీ తాజ్ గేటుకీ మధ్యలోనే జరిగింది. వెళ్లేటప్పుడు కొంచెం, వచ్చేటప్పుడు మిగతాది.

మాది ఒంగోలు. పక్కనే చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ కొండల పక్కన పుట్టి పెరిగి, రాళ్లకి పాలిష్ పట్టే మావయ్య ఉండి కూడా, అంత దూరం పోయి రాయి దగ్గరే బోల్తా పడ్డానని మావాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వుకోనివ్వండి.

పొగమంచు వల్ల రైలు నాలుగు గంటలు లేటు. తెల్లవారుజామున దిగాల్సినవాళ్లం తొమ్మిదింటికి ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగాం. చలికి అమ్మ పళ్లు టకటకలాడుతున్నాయి. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి బ్యాగు అందుకుంటే దేవుడిలా కనిపిస్తాడు. ఆటో అతను అలాగే కనిపించాడు. ‘మాతాజీ, ఆయియే’ అంటూ అమ్మ చేతిలో సంచి తీసుకున్నాడు. మేం తెలుగువాళ్లమని తెలియగానే ‘బాగున్నారా అన్నా’ అన్నాడు. తాజ్, కోట, యమున అవతల ఉన్న మెహతాబ్ బాగ్ తోట, సాయంత్రం మళ్లీ స్టేషన్, రోజంతా కలిపి 400 ఇవ్వండి చాలన్నాడు.

నాకు అక్కడే అనుమానం రావాలి. నలుగురిని రోజంతా 400కి తిప్పితే పెట్రోలు ఖర్చు పోను అతనికి మిగిలేదేంటి? అంత తక్కువ చెప్పాడంటే మిగతాది ఇంకెవరో ఇస్తున్నారన్నమాట. ఆ ఇచ్చేది షాపులవాళ్లు. మనల్ని గుమ్మం దాటిస్తే ఇంత, మనం కొంటే అందులో ఇంత. మేం భోంచేసిన హోటల్లో కుర్రాడు ఈ లెక్క విడమర్చి చెప్పాడు. కాకపోతే అప్పటికే కొనేశాం.

తాజ్ దగ్గరికి పెట్రోలు, డీజిలు బండ్లు పోనివ్వరు. కాలుష్యానికి రాయి పాడవుతుందని చాలా దూరంలోనే ఆపేస్తారు. అక్కడి నుంచి నడవాలి, లేదా బ్యాటరీ బండి ఎక్కాలి. మా ఆటో ఆగిన చోటే గైడ్ సిద్ధంగా ఉన్నాడు. మెడలో కార్డు ఉంది గానీ అది తిరగబడి ఉంది. ‘కౌంటర్ దగ్గర రెండు గంటల లైనుంది సర్, మాతాజీ నిలబడలేరు. నాతో వస్తే వీఐపీ లైను. టికెట్లు కలిపి నలుగురికి 2,000, నా ఫీజు 700’ అన్నాడు. అమ్మ మోకాళ్ల వైపు ఒకసారి చూసి డబ్బు తీసి ఇచ్చేశాను.

టికెట్ల మీద రేటు నేను చూసుకున్నది రాత్రి రైలెక్కాక. మనవాళ్లకి లోపలికి 50, సమాధి ఉన్న ప్రధాన కట్టడంలోకి ఇంకో 200. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్టే లేదు. అంటే మా ముగ్గురు పెద్దవాళ్లకి అయ్యేది 750. మిగతా 1,250 ఆ ‘వీఐపీ లైను’కి. ఆ లైను ఎలాంటిదంటే, సెక్యూరిటీ దగ్గర మగవాళ్లది ఒకటి, ఆడవాళ్లది ఒకటి, అందరితో పాటే మేమూ. ఈ టికెట్లు ఇంట్లో కూర్చుని పురావస్తు శాఖ వెబ్‌సైట్లో ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. ఇంత చిన్న విషయం తెలియక పోయిన డబ్బు అది.

సరే, లోపలికి వెళ్లాం. ఎర్ర రాయితో కట్టిన పెద్ద దర్వాజా ఉంటుంది, దాని కింద చీకటిగా ఉంటుంది. ఆ చీకట్లో జనం తోసుకుంటూ నాలుగడుగులు వేశాక, కమాను మధ్యలో తాజ్. పదిన్నర దాటినా మంచు పూర్తిగా విడలేదు. నాలుగు మినార్లు సగం సగం కనిపిస్తున్నాయి, మధ్యలో గుమ్మటం ఒక్కటే నేల లేకుండా నిలబడినట్టుంది. ఫోటోల్లో వెయ్యిసార్లు చూసిందే కదా, కొత్తగా ఏముంటుంది అనుకున్నవాణ్ని నోరు మూసుకున్నాను. అమ్మ ఆగిపోయింది. ‘తెలుపంటారేంట్రా, ఇది మీగడ రంగు’ అంది. నిజమే. దగ్గరికెళ్తే, రాజస్థాన్‌లోని మక్రానా నుంచి తెచ్చిన ఆ చలువరాయిలో సన్నటి బూడిద రంగు చారలు కూడా కనిపిస్తాయి. గోడల మీది పూలు రంగులు వేసినవి కావు. రాయిని తొలిచి, ఆ గుంటలో సరిగ్గా పట్టేలా రంగురాళ్లు కోసి పొదిగారు. పాప వేలితో రాసి చూసింది. ఎక్కడా గరుకు తగల్లేదట.

గైడ్ మాత్రం చెప్పిందే చెప్పాడు. షాజహాన్ పనివాళ్ల చేతులు నరికించాడని, యమున అవతల నల్ల తాజ్ కట్టబోయాడని. రెండింటికీ చరిత్రలో ఆధారం లేదు. 1631లో ముంతాజ్ పోయింది బుర్హాన్‌పూర్‌లో, ఆమె దేహాన్ని తర్వాత ఆగ్రాకి తెచ్చారు, మరుసటి ఏడాది పని మొదలై మొత్తం కట్టడానికి ఇరవై ఏళ్లకి పైనే పట్టింది. ఇవేవీ అతని నోట రాలేదు. మినార్లు కొద్దిగా బయటికి వాలి ఉంటాయని, పడితే సమాధి మీద పడకూడదని అలా కట్టారంటారని చెప్పాడు. అదొక్కటి బాగుంది.

లోపల సమాధుల చుట్టూ ఉన్న చలువరాతి జాలీ దగ్గర మా ఆవిడ ఇంకాసేపు నిలబడదామంది. గైడ్ ‘చలియే, చలియే’. వెనక యమున వైపు అరుగు మీద కాసేపు కూర్చుంటానని అమ్మ అడిగింది. ‘అక్కడ చూడ్డానికేం లేదు మాతాజీ’ అన్నాడు. మా టికెట్టుకి మూడు గంటలు లోపల ఉండొచ్చు. మేం గంటా పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. పోయిన 14,500 కంటే నాకు ఎక్కువ మండేది దీనికే. అమ్మ వయసు అరవై ఎనిమిది. అంత దూరం మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తానో.

ఆ తొందరెందుకో ఐదు నిమిషాల్లో తెలిసింది. ఆటో తిన్నగా ఒక ‘మార్బుల్ ఫ్యాక్టరీ’ ముందు ఆగింది. ‘కొనక్కర్లేదు, చూడండి చాలు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటు’ అన్నారు. పేరు రాయను. రాసినా పెద్దగా ఉపయోగం లేదు, మిమ్మల్ని తీసుకెళ్లే షాపుకి ఇంకో పేరు ఉంటుంది.

ముందు గదిలో ఒక పెద్దాయన నేల మీద కూర్చుని, ఎడంచేత్తో సానచక్రం తిప్పుతూ నీలం రాయి ముక్కని ఆకులా అరగదీస్తున్నాడు. ఆయన పని నిజం, ఆ చక్రం నిజం, వేళ్ల మీద కాయలు నిజం. అది కళ్లారా చూశాక లోపల ఉన్నదంతా నిజమే అనిపిస్తుంది. అందుకే ఆయన్ని ముందు గదిలో కూర్చోబెడతారు. తర్వాత టీ వచ్చింది, పాపకి బిస్కెట్లు వచ్చాయి. లోపలి గదిలో లైట్లు ఆపేసి, ఒక గుండ్రటి పలక కింద టార్చి పెట్టారు. తెల్ల రాయంతా పాలల్లో దీపం పెట్టినట్టు వెలిగింది, మధ్యలో ఎర్రపూలు నిప్పుల్లా మెరిశాయి. ‘తాజ్‌కి వాడిన మక్రానా ఇదే సర్. వేరే రాయైతే వెలుగు రాదు.’

నేనూ అదే నమ్మాను. ఆ మాట అబద్ధమని ఇప్పుడు తెలుసు. అలబాస్టర్ లాంటి మెత్తరాళ్ల గుండా కూడా వెలుగు వస్తుంది, పల్చగా కోస్తే ఇంకా బాగా వస్తుంది. టార్చి పరీక్షలో తేలేదేమీ లేదు.

పదిహేను అంగుళాల టీపాయ్ పలక 32,000 చెప్పారు. మేం లేస్తే 24,000. గుమ్మం దాకా వెళ్తే 18,000. చివరికి ‘మాతాజీ కోసం’ 14,500. బేరం గెలిచానని ఎంత పొంగిపోయానంటే, బిల్లు చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత చెప్పుల షాపు, పేఠా (బూడిదగుమ్మడి మిఠాయి) షాపు. కోటకి వెళ్లేసరికి నాలుగున్నర. ‘టైం లేదు, రైలు తప్పిపోతుంది’ అంటూ ఆటో అతను బయటి నుంచే గోడ చూపించాడు. కన్న కొడుకు ఔరంగజేబు బంధిస్తే షాజహాన్ తన చివరి ఏళ్లు గడిపి 1666లో కన్నుమూసింది ఆ కోటలోనే. అక్కడి నుంచి తాజ్ కనిపిస్తుందని పాపకి దారంతా చెప్పుకుంటూ వచ్చాను. మెహతాబ్ బాగ్ అయితే ‘ఈరోజు బంద్’ అన్నాడు. తెరిచే ఉందని హోటల్ కుర్రాడి దగ్గర తెలిసింది.

ఇంటికొచ్చిన వారానికి మావయ్య వచ్చాడు. పలకని వెనక్కి తిప్పి, పాలిష్ లేని చోట బొటనవేలి గోరుతో ఒక్క గీత గీశాడు. తెల్లటి పొడి లేచింది. గీత అలాగే ఉండిపోయింది. ‘నిమ్మకాయ తేవే’ అని పాపని పంపాడు. మా దేవుడి గూట్లో పరిచిన చలువరాయి అంచు మీద ఒక చుక్క, దీని మీద ఒక చుక్క. గూట్లో రాయి మీద సన్నగా బుడగలు లేచాయి, దీని మీద చుక్క చుక్కలాగే ఉంది. ‘ఇది మార్బుల్ కాదురా అల్లుడూ. బలపం రాయో, అలాంటి మెత్తరాయో. చిన్నప్పుడు పలక మీద రాశావే, అదన్నమాట’ అన్నాడు. మా ఆవిడ ఊరుకోకుండా గోళ్ల రంగు తుడిచే మందు దూదికి అద్ది ఎర్రపువ్వు మీద రుద్దింది. రేకు రంగు దూదికి అంటుకుంది. పొదిగిన రాళ్లు ఉన్నాయి, లేవని కాదు. ఖాళీల్లో రంగు పూశారు.

అప్పుడు బిల్లు తీశాను. అందులో ‘హ్యాండీక్రాఫ్ట్ ఐటమ్, 1’ అని ఉంది. మార్బుల్ అన్న మాటే లేదు. కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. దాని మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే మొదటిసారి ‘కొరియర్‌లో పంపండి, చూస్తాం’ అన్నారు, తర్వాత ఎత్తడం మానేశారు. కార్డుతో, పిన్ కొట్టి, నా చేత్తో నేనే కట్టాను కాబట్టి బ్యాంకువాళ్లు చేసేదేమీ లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇప్పటికింకా ఏమీ తేలలేదు. మార్బుల్ అని అమ్మినట్టు కాగితం మీద రుజువు లేనప్పుడు నా మాటకి బలం ఎక్కడుంటుంది?

ఆగ్రాలో అసలైన చలువరాయి పని చేసేవాళ్లు లేరని అనడం లేదు. ఉన్నారు, వాళ్ల పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ ఆటో అతనో గైడో తీసుకెళ్లిన షాపులో మీరు కట్టే డబ్బులో వాళ్ల వాటా ఉంటుంది, కాబట్టి సరుకు మీద మిగిలేది తక్కువ. కొనాలనుంటే మీరే వెతుక్కుని, మీ కాళ్లతో మీరు వెళ్లండి. ఆటో ఒక్కో చోటికి విడిగా మాట్లాడుకోండి. దిగాక పంపేయండి. ఎదురు చూస్తానంటే వద్దనండి.

గైడ్ కావాలంటే మెడలో కార్డు తిప్పి ఫోటో చూడండి, లైసెన్సు నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. లైసెన్సు ఉన్నవాడు ఏమీ అనుకోడు. ‘లోపల ఎంతసేపైనా ఉంటాం, షాపులకి రాం’ అని డబ్బు ఇచ్చే ముందే చెప్పండి. మొహం మాడితే వాడు మీకు గైడ్ కాదు.

శుక్రవారం తాజ్ మూసి ఉంటుంది, ఆ రోజు పెట్టుకోకండి. చార్జర్లు, తినుబండారాలు, ట్రైపాడ్, అగ్గిపెట్టెలు లోపలికి పోనివ్వరు, హోటల్లోనే వదిలేయండి. ఫోన్, మంచినీళ్ల సీసా పర్వాలేదు. సమాధి గదిలో ఫోటోలు తీయకూడదు. బయట ఫోటోగ్రాఫర్లు వెంటపడితే ఎన్ని ఫోటోలో, ఒక్కోటి ఎంతో ముందే తేల్చుకోండి. లేకపోతే యాభై తీసి యాభైకీ డబ్బు అడుగుతారు. జనవరిలో వెళ్తే పొద్దున్నే పరిగెత్తకండి, పొగమంచులో గోడ కూడా కనిపించని రోజులుంటాయి. ఎవరైనా మరీ ఇబ్బంది పెడితే పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363 ఉంది, అక్కడ ఉండగానే చేయండి. ఇంటికొచ్చాక చేస్తే నాలాగే అవుతుంది.

ఇక రాయి కొనేవాళ్లకి. టార్చి వాళ్లని వెలిగించుకోనివ్వండి. మీరు మాత్రం పలక తిప్పి, అడుగున పాలిష్ లేని చోట గోరుతో గీయండి. గీత పడితే అది చలువరాయి కాదు. పడకపోతే బిల్లు మీద ‘మక్రానా మార్బుల్’ అని, సైజుతో సహా రాసి సంతకం పెట్టమనండి. ఏదో ఒక సాకు చెప్పి రాయకపోతే లేచి వచ్చేయండి. వాళ్లిచ్చిన టీ తాగేసి ఉన్నా సరే.