వైకల్యం గురించి బొమ్మల పుస్తకం: విడమరిచి చెప్పేదా, కథలో కలిపేదా?

తిరుపతి పిల్లలకు కాళ్లకు కట్టుకునే కాలిపర్లు, చంకకర్రలు, వీల్‌చైర్లు కొత్త కావు. వైకల్యమున్నవాళ్లకు చికిత్స చేసే ఇక్కడి బర్డ్ ఆసుపత్రికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తుంటారు. అయినా బస్సులో పిల్లాడు "అమ్మా, ఆ అన్న ఎందుకట్లా నడుస్తాండాడు?" అని గట్టిగా అడిగితే "ష్, ఊరుకో" అంటాం. ఇది మాట్లాడకూడని సంగతని వాడు అప్పుడే నేర్చుకుంటాడు. మంచి బొమ్మల పుస్తకం ఆ మాటను ఇంట్లోకి తేగలదు. మరి ఎలాంటిది కొనాలి?

విడమరిచి చెప్పేవి ఒక రకం. షీలా ధీర్ రాసిన 'వై ఆర్ యూ అఫ్రెయిడ్ టు హోల్డ్ మై హ్యాండ్?'లో వైకల్యమున్న బిడ్డే తనను చూసి జంకేవాళ్లతో మాట్లాడతాడు. కథలో కలిపేవి ఇంకో రకం. జై విటేకర్ 'కన్నా పన్నా'లో గుహలు చూడ్డానికి వెళ్లినచోట దీపాలు ఆరిపోతే, చూపులేని కన్నానే అందరికీ దారి చూపిస్తాడు. రెండూ చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ వాళ్లవే.

నేనైతే రెండో రకమే ముందు చేతికిస్తాను. చిన్నపిల్లలకు ముందుగా కన్నా అనే ఆ పిల్లాడు నచ్చాలి. చూపు సంగతి ఆ తర్వాత వాళ్లే అడుగుతారు. పైగా తరగతిలో వైకల్యమున్న బిడ్డ ఒక్కరే ఉంటే, విడమరిచే పుస్తకం తెరవగానే తలలన్నీ అటే తిరుగుతాయి. ఆ బిడ్డ మనసు ఎంత చివుక్కుమంటుందో చూడండి.

అయితే కన్నా లాంటి కథలే చదివితే, ఏదో ఘనకార్యం చేస్తేనే స్నేహానికి అర్హత అని పిల్లలు అనుకోవచ్చు. అందుకే 'క్యాచ్ దట్ క్యాట్!' నాకు మరీ ఇష్టం. వీల్‌చైర్లో తిరిగే డిప్ డిప్ ఉత్త అల్లరి పిల్ల. తప్పిపోయిన పిల్లి కోసం చెట్టు కూడా ఎక్కేస్తుంది. ఆ పిల్లను చూసి ఎవరూ అయ్యో అనుకోరు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం నుంచి కొత్త బిడ్డ బడిలో చేరబోతున్నప్పుడు, ప్రశ్నలు మొదలైనప్పుడు మొదటి రకం బాగా పనికొస్తుంది. కాకపోతే టీచరు ఆ బిడ్డను ముందే అడగాలి. మొక్కుతో కాళ్లు వచ్చేసే కథలు మాత్రం అస్సలు వద్దు.

డబ్బు ఇబ్బందైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. తరగతికి ఫోన్ తెర చాలదు, ప్రింట్ తీయించండి. కొనేముందు చివరి పేజీలు తిప్పి, కథలో చిక్కు ఎవరు విప్పారో చూడండి. ఎప్పుడూ పక్కవాళ్లే విప్పుతుంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.