పాత అద్దెకు పాతవాళ్లా, ఎక్కువ అద్దెకు కొత్తవాళ్లా?

ఒకటో రెండో ఇళ్లు అద్దెకిచ్చుకునేవాళ్లు తల పట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఇంట్లో ఉన్నవాళ్లు మంచివాళ్లు, అద్దె టైముకు వేస్తారు, కానీ పక్కింటికి అంతకంటే ఎక్కువ వస్తోంది. పెంచితే వెళ్లిపోతారేమోనని భయం, పెంచకపోతే నష్టపోతున్నామేమోనని గుబులు. నా ఓటు పాతవాళ్లకే, అయితే ఒక షరతుంది, అది తర్వాత చెప్తా.

ముందు లెక్క చూద్దాం. అద్దె నెలకు 100 అనుకోండి. 5 శాతం పెంచారు, వాళ్లు ఖాళీ చేశారు, 105కి కొత్తవాళ్లు దొరికారు గానీ మధ్యలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండిపోయింది. పోయిన ఆ 100 నెలకు 5 చొప్పున తిరిగి రావాలంటే 20 నెలలు పడుతుంది. బ్రోకర్‌కు ఒక నెల అద్దె ఇచ్చుకుంటే 40 నెలలు దాటుతుంది, రంగులూ రిపేర్లూ ఇంకా కలపనే లేదు. ఈలోపు కొత్తవాళ్లు కూడా సామాన్లు సర్దుకున్నారంటే కథ మళ్లీ మొదటికే.

పది ఇళ్లున్నవాళ్లు "మార్కెట్ రేటుకు అస్సలు తగ్గొద్దు" అంటుంటారు. వాళ్లకు ఒకటి ఖాళీ అయితే రాబడిలో పదో వంతు ఆగుతుంది. మీకున్నది ఒక్కటే అయితే మొత్తం ఆగుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. అదే సలహా బ్రోకర్ ఇస్తే, అతనికి డబ్బులొచ్చేది టెనెంట్ మారినప్పుడా, లేక నెలనెలా అద్దెలో వాటాగానా అన్నది ఒకసారి చూసుకోండి.

లెక్కల్లోకి రానివీ ఉన్నాయి. వంటింటి సింక్ కింద పైపు జాయింట్ దగ్గర చుక్కచుక్కగా నీళ్లు కారుతుంటే, ఇల్లు తనదనుకునేవాళ్లు అదే రోజు ఫోన్ చేస్తారు, ఒక వాషర్ మారిస్తే పనైపోతుంది. ఎన్నాళ్లుంటామో తెలియనివాళ్లు కింద గిన్నె పెట్టి ఊరుకుంటారు, మీకు తెలిసేసరికి కబోర్డు చెక్క ఉబ్బిపోయి తలుపు పట్టదు. ఇక ఇల్లు ఖాళీగా ఉంటే ఇంకో గొడవ: బాత్రూమ్ జాలీ కింద బెండులో నిలిచే నీళ్లే మురుగు వాసనను పైకి రాకుండా ఆపేది, వాడకం లేక అవి ఎండిపోతే ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు. అప్పుడప్పుడూ వెళ్లి నాలుగు మగ్గులు పోసి రావాల్సిందే.

ఇక షరతు. పాతవాళ్లు మంచివాళ్లు కదా అని ఏళ్ల తరబడి అద్దె కదపకుండా వదిలేయకండి. చుట్టుపక్కల అద్దెలు ఏటా 6 శాతం పెరుగుతూ మీది 100 దగ్గరే ఉండిపోతే, ఐదేళ్లకు మార్కెట్ అద్దె దాదాపు 134 అవుతుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది, ఒక నెల ఖాళీగా పోయినా మూడు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. అలాగని ఒకేసారి ఆ 34 అడిగితే పొమ్మనలేక పొగబెట్టినట్టే. అదే ఏటా మార్కెట్ కంటే కాస్త తక్కువగా పెంచుకుంటూ వస్తే, ఇల్లు మారే ఖర్చు, శ్రమ తలచుకుని వాళ్లూ సర్దుకుంటారు. ఎంత పెంచుతారో మొదటి అగ్రిమెంట్‌లోనే రాసుకుంటే ప్రతిసారీ మొహమాటం ఉండదు. పెంపు మీద, నోటీసు గడువు మీద చాలాచోట్ల చట్టపరమైన పరిమితులుంటాయి, అవి చూసుకున్నాకే అంకె వేయండి.

ఇదంతా అద్దె సరిగ్గా కట్టేవాళ్ల గురించే. నెలనెలా అడిగించుకునేవాళ్లైతే ఎన్నేళ్లుగా ఉంటున్నా కొత్తవాళ్లే మేలు, బకాయి అడ్వాన్స్‌ను దాటకముందే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చేయండి.