వీపీఎన్నా, జీరో ట్రస్టా? మన ఆఫీసులకి ఏది మేలు?

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల ప్లాంట్లోళ్ళు, రైస్ మిల్లులోళ్ళు ఈమధ్య ఇదే అడుగుతున్నారండి, ఇంటి నుంచో రాజమండ్రి ఆడిటర్ గారి ఆఫీసు నుంచో మన ట్యాలీలోకి (లెక్కల సాఫ్ట్‌వేర్) రావాలంటే వీపీఎన్ (బయటి కంప్యూటర్‌ని నెట్ ద్వారా మన ఆఫీసు నెట్‌వర్క్‌లో కలిపే దారి) పెట్టించాలా, జీరో ట్రస్ట్ (ఎవరికి ఏది కావాలో అంతవరకే దారిచ్చే పద్ధతి) తీసుకోవాలా అని.

రౌటర్లో 3389 పోర్ట్ (నెట్ వైపు తలుపు లాంటిది) తెరిచేసి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే మన కంప్యూటర్ నడిపే దారి) ఇచ్చేయడం మాత్రం వద్దు, దాని గురించి ఇంకేం లేదు. ఎనీడెస్క్ యాప్‌తో దూరం నుంచి కంప్యూటర్ చూడటం ఎప్పుడైనా రిపేరుకి పర్లేదు.

వీపీఎన్ చెడ్డదేం కాదు. ఫైర్‌వాల్ బాక్స్ (నెట్ గుమ్మం దగ్గర కాపలా పెట్టె), స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్) ఇప్పటికే ఉండి, టైముకి అప్‌డేట్ చేసే మనిషి ఉంటే బాగానే నడుస్తుంది. నా బెంగంతా వేరే చోట. మన ప్లాంట్లలో ట్యాలీ సర్వరు, సీసీ కెమెరాల డీవీఆర్, వేలిముద్ర హాజరు మెషిను, కోల్డ్ స్టోరేజ్ టెంపరేచర్ చూసే పీసీ, అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలించేసి ఉంటాయి, వీపీఎన్ మామూలుగా పెట్టేస్తే ఆడిటర్ గారి ల్యాప్‌టాప్ వచ్చి వీటన్నిటి మధ్యలో కూర్చున్నట్టే, అందులో వైరస్ ఉంటే కోల్డ్ స్టోరేజ్ దాకా పాకుద్ది. ఫైర్‌వాల్‌లో రూల్స్ రాసి ఆపొచ్చు, కానీ ఓపిగ్గా రాసేదెవరు? 2021 మేలో అమెరికాలో కొలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్ ఆగిపోయింది కదా, ఆ రాన్సమ్‌వేర్ వాళ్ళు (ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగేవాళ్ళు) దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ అకౌంట్ పట్టుకునే, దానికి ఓటీపీ లాంటిదేం లేదు, పాస్‌వర్డ్ ఒక్కటే.

జీరో ట్రస్ట్‌లో అయితే ఆడిటర్ గారికి ట్యాలీ మిషను ఒక్కటే కనబడుద్ది, డీవీఆర్ ఉందన్న సంగతే తెలీదు. వచ్చిందెవరు, ఏ ల్యాప్‌టాప్ మీద, ఓటీపీ కొట్టారా లేదా అన్నీ చూశాకే తలుపు తీస్తుంది. పైగా చాలా సర్వీసుల్లో మన లోపలున్న చిన్న ప్రోగ్రామే బయటకి కనెక్ట్ అవుతుంది కాబట్టి పోర్టులు తెరవక్కర్లేదు, పబ్లిక్ ఐపీ (బయట నుంచి నేరుగా చేరే అడ్రస్) ఇవ్వని కేబుల్ నెట్ మీద కూడా నడిచిపోద్ది. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఈ సర్వీసు 50 మంది దాకా ఫ్రీగానే ఇస్తుంది. కాకపోతే వాళ్ళ సర్వీసు పడిపోతే మనమూ ఆగిపోతాం, 2025 నవంబర్ 18న అదే అయింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆఫీసంతా ఒకే జీమెయిల్, ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే జీరో ట్రస్ట్ పెట్టినా దండగే, గుమస్తా మానేసి పక్క ప్లాంట్‌లో చేరినా ఆ పాస్‌వర్డ్ ఆయన ఫోన్లోనే ఉంటుంది. మనిషికో ఐడీ ఇవ్వండి, మానేసిన రోజే ఆపేయండి.

నన్నడిగితే జీరో ట్రస్టే. ముందు బయటోళ్ళని, అంటే ఆడిటర్ గారినీ ట్యాలీ సర్వీస్ కుర్రాణ్ణీ దాని మీదకి మార్చండి, సొంత స్టాఫ్ ఇంకో నెల వీపీఎన్ మీదే ఉన్నా కొంపలేం మునిగిపోవు.