ఖాళీ చోటు చూడటానికి 28 పౌండ్లు

ఆ రోజు బావగారి ముఖం ఎలా వాడిపోయిందో గుర్తొచ్చినప్పుడల్లా నాకు కోపం ఆగదు. ఆయన ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. కొడుకును చూడటానికి బర్మింగ్‌హామ్ వచ్చి, ‘టిల్లీ’ బండ్ల మీద నాకున్న పిచ్చి తెలిసి నాతో బయలుదేరారు.

టిల్లీ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన చిన్న సరకు బండి. ‘యుటిలిటీ’ అన్న మాట సైనికుల నోట అలా కురచైంది. ఆస్టిన్, హిల్మన్, మోరిస్, స్టాండర్డ్ కంపెనీలు తాము అంతకుముందు అమ్ముతున్న మామూలు కార్ల ఛాసిస్‌నే (అడుగు చట్రాన్నే) తీసుకుని, ముందు రెండు సీట్ల క్యాబిన్, వెనుక తొట్టి, దాని మీద కాన్వాస్ గుడారం బిగించి ఇచ్చాయి. ఒక్క ఆస్టినే 30 వేలకు దగ్గరగా తయారుచేసింది. వాటిలో ఇప్పుడు మిగిలినవి చాలా తక్కువ.

లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోట, రెండు రోజులు హాయిగా గడిచాయి. కాగితాలు తెప్పించుకుని చూడటానికి కావలసిన రీడర్ టికెట్టుకు పైసా తీసుకోరు. పేరుకు ఒకటి, చిరునామాకు ఒకటి రుజువు తీసుకెళ్లండి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. సొంత కెమెరాతో కాగితాలను ఉచితంగా ఫోటో తీసుకోవచ్చు. కోవెంట్రీ రవాణా మ్యూజియం కూడా బాగుంది, సగం రోజు కేటాయించండి.

మూడో రోజు ఒక ప్రైవేటు మ్యూజియానికి వెళ్లాం. వాళ్ల వెబ్‌సైట్‌లో హిల్మన్ టిల్లీ ఫోటో పెద్దదిగా ఉంది. స్టేషన్ నుంచి బస్సు లేదు, టాక్సీకి 34 పౌండ్లు. టికెట్టు మనిషికి 14. లోపల హాలు చివర నేల మీద నాలుగు చక్రాల గుర్తులు, గోడకు బండి వివరాల అట్ట ఉన్నాయి. బండి లేదు. కౌంటర్‌లో అడిగితే, “అది గోదాములో ఉంది, ముందే రాసి అనుమతి తీసుకోవాలి” అన్నాడు. ఆ సంగతి టికెట్టు కొయ్యకముందు చెప్పవచ్చు కదా అంటే, “మీరు అడగలేదు” అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. బావగారు ఆ అట్టను మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. తిరుగు టాక్సీలో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను చేసి, బండి ఆ రోజు హాల్లోనే ఉందని నిర్ధారించుకోకుండా ఏ మ్యూజియానికీ వెళ్లవద్దు.

ఆ రాత్రి బస మరీ అధ్వానం. 72 పౌండ్లిచ్చిన గదిలో హీటర్ పనిచేయలేదు. బావగారు కోటు వేసుకునే పడుకున్నారు.

ఆదివారం ఒక పల్లె మైదానంలో పాత బండ్ల ప్రదర్శన ఉంది. ప్రవేశం 6 పౌండ్లు. గేటు దాటగానే క్యాబిన్ మీద స్టెప్నీ చక్రం మోసుకుని నిలబడిన ఆస్టిన్ టిల్లీ కనిపించింది. దాని యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. బావగారి చూపు చూసి, ఏమీ అడగకుండానే బానెట్ ఎత్తారు. 1125 సీసీ, నాలుగు సిలిండర్లు, సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే) ఇంజను. బావగారు గడ్డి మీద వెల్లకిలా పడుకుని అడుగుభాగంలోకి తల పెట్టారు. “చూడవోయ్, బ్రేకులకు ఆయిల్ గొట్టాలే లేవు, అంతా ఇనుప రాడ్లే!” అని కేకేశారు. ఒక్కో రాడ్డును కీలు దాకా వేలితో తడుముతూ వెళ్లారు. మొదటి గేరుకు సింక్రో (గేరు పళ్ల వేగాన్ని కలిపే ఏర్పాటు) లేదని యజమాని చెబితే, క్లచ్ రెండుసార్లు తొక్కే పద్ధతిని ఈయన కాలితో నేల మీద చూపించారు. ఇద్దరికీ భాష కలవదు. నేను అనువదించాల్సిన అవసరమే పడలేదు.

తొట్టిలో కూర్చోబెట్టి మైదానం చుట్టూ తిప్పారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ముగ్గురి టీ, కేకులకు 11 పౌండ్ల 40 పెన్నీలు నేను కట్టాను, అంతే.

మర్నాడు పొద్దున్నే బావగారు విజయవాడలోని పాత డిపో మిత్రుడికి ఫోను చేశారు. ఆ బ్రేకు రాడ్డు ఇంత పొడవుందని రెండు చేతులూ చాచి చూపించబోయి, ఫోను మంచం మీద పడేశారు.