ఇగువానా కేజ్‌కి ఆక్వేరియం సిలికాన్, ఎపాక్సీ: చాలాకాలం వాడాక నా రివ్యూ

పటమటలో మా ఇంట్లో గ్రీన్ ఇగువానా (పెద్ద బల్లి లాంటి విదేశీ జంతువు) కోసం ప్లైవుడ్‌తో కట్టించిన పెద్ద కేజ్ ఉంది (ఇలాంటి విదేశీ జంతువుల రిజిస్ట్రేషన్‌కి 2024లో రూల్స్ వచ్చాక, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో ఇగువానాని రిజిస్టర్ చేయించాం). దీనికి లోపల తేమ 70 శాతం దాకా ఉండాలి, రోజూ నీళ్లు స్ప్రే చేస్తాం, పైనుంచి ల్యాంపు వేడి, దానికి తోడు మన బెజవాడ రోహిణి కార్తె, ఇన్నిటి మధ్య చెక్క నానుతూ ఎండుతూనే ఉంటది. అయినా ఇప్పటిదాకా అడుగున చుక్క కారలేదు, ప్లై ఉబ్బలేదు.

వన్‌టౌన్‌లో సిలికాన్ (సందులు మూసే, ఆరాక రబ్బరులా అయ్యే పేస్టు) అడిగితే ముందు చేతిలో పెట్టేది బాత్‌రూమ్‌దే. "ఇది తీస్కో అన్నా, జన్మలో బూజు పట్టదు" అంటారు. ఆ బూజు పట్టకుండా కలిపే మందే మనకి వద్దు అండీ. ఇగువానా కనపడిన ప్రతిదీ నాలుకతో తాకి చూస్తది, మూలల్లో నిలిచిన నీళ్లు నాకుతది, గోళ్లతో గీకుతది. అందుకే ట్యూబు మీద "వాటర్‌ప్రూఫ్" అనే మాట చూసి కొనొద్దు, యాంటీ ఫంగల్ అని రాసుంటే పక్కన పెట్టేసి, ఆక్వేరియంకి పనికొస్తుందని రాసున్న 100 శాతం సిలికాన్ తీసుకోండి. వేసేటప్పుడు వెనిగర్ లాగా ఘాటుగా కొడుతది, అది ఎసిటిక్ యాసిడ్, పూర్తిగా ఆరాక పోతది, భయం లేదు.

కానీ సిలికాన్ మూలలకీ జాయింట్లకీ మాత్రమే. చెక్క మొత్తానికి నేను రెండు పార్టుల క్లియర్ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) కొట్టించా. ముఖ్యంగా ప్లై కోసిన అంచులు, నీళ్లు పీల్చేది ముందు అక్కడే, పొరలు కనపడుతుంటాయి కదా, అవి తాగినంతా తాగనిచ్చి మళ్లీ ఇంకో కోటు వేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఎపాక్సీ కలపొద్దు, డబ్బాలోనే వేడెక్కి గట్టిపడిపోద్ది, పొద్దున్నే కొంచెం కొంచెం కలుపుకోవాలి. ఎపాక్సీ ముందు, సిలికాన్ తర్వాత. తిరగేస్తే సిలికాన్ మీద ఏ కోటింగూ అతుక్కోదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. యూవీబీ ట్యూబు (ఇగువానాకి ఎండ బదులు పెట్టే లైటు) కింద ఎపాక్సీ పసుపు తిరిగింది, చూడ్డానికి బాలేదు గానీ గట్టిగానే ఉంది. అద్దం డోర్ రన్నర్ పక్కన గోళ్లు తగిలే చోట సిలికాన్ అంచు లేచింది. దాని మీదే కొత్తది పూస్తే నిలవదు, పాతదంతా బ్లేడుతో కోసి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి వేశాకే పట్టింది.

ఆరడం దగ్గర మాత్రం తొందరపడకండి ప్లీజ్. సిలికాన్ గాల్లో తేమతో పైనుంచి లోపలికి ఆరుతది, రోజుకి 2, 3 మిల్లీమీటర్లే, పైన చెయ్యి పెడితే అంటుకోకపోయినా లోపల పచ్చిగానే ఉంటది. ఎపాక్సీకి కనీసం వారం. ఆ తర్వాత ల్యాంపులు వేసి డోర్లు మూసి రాత్రంతా ఉంచి, పొద్దున తెరవగానే ముక్కు పెట్టి చూడండి, ఏ కాస్త వాసనొచ్చినా జంతువుని ఇంకా లోపలికి దించొద్దు.