అథ్లాన్ 64 ఎక్స్2 3800 ప్లస్: ఆటలకు రెండో కోరు ఎంత మేలు చేసింది?

పాత ప్రాసెసర్ తీసి, ఏఎండీ కంపెనీ రెండు కోర్ల (లెక్కలు చేసే భాగాల) అథ్లాన్ 64 ఎక్స్2 3800 ప్లస్ పెట్టే ముందు తిరుపతిలో ఒక దుకాణంలో అడిగితే, "రెండు కోర్లు, ఒక్కొక్కటి రెండు గిగాహెర్ట్జ్, మొత్తం నాలుగు" అని లెక్క చెప్పారు. ఈ లెక్క తప్పు. దీన్ని నమ్మి డబ్బు పెట్టినవారికి మిగిలేది నిరాశే. లడ్డూల దగ్గర రెండో కౌంటరు తెరిస్తే వరుస త్వరగా కదులుతుంది గానీ, కిటికీ ముందు నిలబడ్డ మనిషి చేతికి లడ్డూ రెట్టింపు వేగంతో రాదు. రెండో కోరు కూడా అంతే.

నా పాతది ఏఎం2 సాకెట్ అథ్లాన్ 64 3200 ప్లస్: 2.0 గిగాహెర్ట్జ్, 512 కేబీ ఎల్2 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ). కొత్తదీ అదే 2.0 గిగాహెర్ట్జ్, ఒక్కో కోరుకు అదే 512 కేబీ. బోర్డు, ర్యామ్, జీఫోర్స్ 7600 జీటీ గ్రాఫిక్స్ కార్డు ఏవీ మార్చలేదు. కాబట్టి నాకు కనిపించిన తేడా అంతా రెండో కోరుదే.

కౌంటర్ స్ట్రైక్ 1.6లో సగటు ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) దాదాపు పెరగలేదు. ఆ ఆట ఒక కోరు మీదే నడుస్తుంది. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌లో కొద్దిగా మెరుగుపడింది. ఎన్విడియా 2005లో తెచ్చిన 80 సిరీస్ డ్రైవర్ల (గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) నుంచి డ్రైవరు తన పనిలో కొంత రెండో కోరుకు పంపగలదు, ఆ మేలు పాత ఆటలకూ కొంత అందుతుంది.

అసలు సుఖం సగటులో లేదు, కుదుపులు పోవడంలో ఉంది. ఇదివరకు ఆట మధ్యలో యాంటీవైరస్ తనిఖీ మొదలైతే తెర బిగుసుకుపోయేది. గురి పెట్టిన క్షణంలోనే ఆగిపోతే ఎంత కోపం వస్తుందో ఆడేవారికి తెలుసు. ఇప్పుడు తనిఖీ తన దారిన నడుస్తుంది, ఆట తన దారిన సాగుతుంది. సెలవుల్లో మిత్రులు కంప్యూటర్లు తెచ్చి స్విచ్‌కు కలిపితే, సర్వర్ నడిపేదీ నా కంప్యూటరే, నేను ఆడేదీ దానిమీదే. ఒకే కోరుతో ఇది నరకం. ఈ ఒక్క పనికే పెట్టిన డబ్బు గిట్టిందని నా అభిప్రాయం.

క్రైసిస్‌లో మాత్రం ఏమీ మారలేదు. రిజల్యూషన్ తగ్గించగానే ఫ్రేములు పెరిగాయి, అంటే అడ్డంకి కార్డు దగ్గరే ఉంది. మీరూ ముందు ఈ పరీక్ష చేయండి: రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరగకపోతేనే ప్రాసెసర్ గురించి ఆలోచించాలి. అయితే కాలం ఒక కోరును దాటి ముందుకే నడిచింది. 2008లో వచ్చిన జీటీఏ 4 ఆట కనీస అవసరాల్లోనే రెండు కోర్లు అడిగింది.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముందుగా బోర్డు బయోస్ (కంప్యూటర్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) కొత్త ప్రాసెసర్‌ను గుర్తిస్తుందో లేదో చూసుకోండి. తర్వాత, పాత హీట్‌సింక్‌ను (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మె) నేరుగా పైకి లాగకండి. ఎండిన పేస్టు అంటుకుని, లాక్ మీట వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి వస్తుంది, సూదుల్లాంటి కాళ్లు వంగుతాయి. కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, హీట్‌సింక్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది.

విండోస్ ఎక్స్‌పీలో మరో చిక్కు ఉంది. రెండు కోర్ల గడియారాలు ఒకదానికొకటి సరిపోలక కొన్ని పాత ఆటల్లో కదలికలు గెంతుతాయి. ఏఎండీ ఇచ్చిన డ్యూయల్ కోర్ ఆప్టిమైజర్ అనే ప్రోగ్రాం వేయగానే నాకు ఆ గెంతులు పోయాయి. వేయకూడదనుకుంటే టాస్క్ మేనేజర్‌లో ఆ ఆటను ఒకే కోరుకు కట్టేయవచ్చు.

నచ్చనిది వేడి. పాతదాని పరిమితి 62 వాట్లు, దీనిది 89. మే నెలలో తిరుపతి ఎండకు మధ్యాహ్నం ఫ్యాను మోత గదంతా వినిపిస్తుంది. దుమ్ము దులపకపోతే ఇంకా ఎక్కువ. ఇదే నమూనాలో 65 వాట్లది కూడా ఉంది. దొరికితే మన ఊళ్లకు అదే మేలు.

ఇప్పుడు ఇవి ఎక్కువగా పాతవే దొరుకుతాయి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్‌లో వెతికినా సరే, డబ్బు ఇచ్చే ముందు ప్రాసెసర్‌ను కంటి ఎత్తులో వెలుతురుకు పట్టి, కాళ్ల వరుసలు నిటారుగా ఉన్నాయో లేదో నాలుగు వైపుల నుంచీ చూడండి.