మస్టాంగ్ వెనక డిస్కులకి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కిట్: మూడు స్టార్లు

నా 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారుకి వెనకాల డ్రమ్ బ్రేకులు పీకేసి డిస్క్ బ్రేకులు వేశా, బ్రేకులు సూపర్, కానీ హ్యాండ్‌బ్రేక్ దగ్గరే అసలు తంటా మొదలైంది. పాత కేబుల్ కొస డ్రమ్ లోపలి బ్రేక్ షూ లివర్‌కి తగిలించేది కదా, అది కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టే భాగం) లివర్‌కి ఎక్కడ కూర్చుంటుంది, అందుకే ఈ యూనివర్సల్ కిట్ తెప్పించా. కేబుల్ క్వాలిటీకి వంక పెట్టలేం, స్టెయిన్‌లెస్, కొలత చూసుకుని మనమే కోసుకోవాలి, కోసే చోట టేప్ గట్టిగా చుట్టకపోతే తీగలు చీపురుపుల్లల్లా విచ్చుకుంటాయి, మొదటిది అలాగే పాడుచేశా.

ఇన్‌స్ట్రక్షన్ కాగితం మాత్రం దండగ. ముందు కాలిపర్ అడ్జస్ట్ చేసి, ప్యాడ్ డిస్కుకి దగ్గరగా వచ్చాకే కేబుల్ వదులు తీయాలి అన్న ముక్క ఎక్కడా లేదు. నేను రివర్స్‌లో చేశా, ముందే కేబుల్ బిగించేశా, లివర్ పూర్తిగా వెనక్కి రాక ప్యాడ్లు రాసుకుంటూనే ఉన్నాయి, పది మైళ్లకే కుడి చక్రం దగ్గర కాలిన వాసన! ఇంకోటి, యాక్సిల్ దగ్గర కేబుల్‌ని మరీ మెలితిప్పినట్టు వంచితే లోపల పట్టేస్తది, పెద్ద వంపు ఇవ్వండి, సస్పెన్షన్ దిగినప్పుడు లాగకుండా కాస్త ఎక్స్‌ట్రా వదలండి.

ఇప్పుడు డాష్ కింద హ్యాండిల్ లాగితే ఆస్టిన్‌లోని మా ఇంటి డ్రైవ్‌వే వాలులో బండి కదలట్లేదు. కేబుల్‌ని పట్టి ఉంచే బ్రాకెట్లు విడిగా కొనుక్కోవాలట, అది కూడా మండింది.